చుక్కల కాగితం

సబా అల్ సలేం, కువైట్
1990 ఏప్రిల్ 14

కప్పను కోయమంటే కత్తెర నా చేతిలో పెట్టి కళ్ళు మూసుకునే రమణికి,

నీ ఉత్తరంలో మూడు ప్రశ్నలు అడిగావు. ఒకటి, ఇక్కడి ఎండ మన రాయచోటి ఎండ కంటే ఎక్కువా అని. ఎక్కువే. రెండు, నా పెళ్ళెప్పుడు అని. అదే ప్రశ్న మా అమ్మ కూడా అడుగుతోంది, ఇద్దరూ వరసలో నిలబడండి. మూడు, ఆసుపత్రిలో నా పనేమిటి అని. దానికి ఎనిమిది నెలలుగా జవాబు ఎగ్గొడుతున్నాను. ఇవాళ చెప్పేస్తాను. మా అమ్మ చెవిన మాత్రం పడకూడదు.

నేను వచ్చింది ఆసుపత్రి వీసా మీద కాదు, ఇంటిపని వీసా మీద. మీ వెనక వీధి మహమ్మద్ గౌస్ మామ ఇక్కడ అమ్ఘరాలో పాత ఇనుము యార్డు చూసుకుంటాడు, ఆయన తెప్పించాడు. ఆయన భార్య హమీదా బీ మా పక్క ఇంట్లో వంట చేస్తుంది. డిగ్రీ పట్టా పెట్టెలో పెట్టుకుని రెండేళ్ళు గోడలు చూసినదాన్ని. విమానం ఎక్కిస్తామంటే గిన్నెలు తోమడానికైనా సరే అన్నాను. మా యజమానురాలు డాక్టరు. ఇక్కడ ఇంటావిడను మామా అనాలి. మీ ఆంజి మామను తలుచుకుని మొదటి వారమంతా నవ్వుకున్నాను.

ఒకరోజు మామా భోజనాల బల్ల మీద వంశవృక్షం గీస్తోంది. మగవాళ్ళకు చతురస్రాలు, ఆడవాళ్ళకు సున్నాలు, మనం రికార్డులో గీసినట్టే. నేను బల్ల తుడుస్తూ తుడుస్తూ ఆగాను. "మామా, వీళ్ళిద్దరూ అన్నదమ్ముల బిడ్డలని పైన రాశారు. దగ్గరి చుట్టాల పెళ్ళికి మధ్యలో రెండు గీతలు పడాలి కదా" అన్నాను. ఆమె కళ్ళజోడు తీసి నన్ను చూసింది. నన్ను నిజంగా చూడటం అదే మొదటిసారి. "నీకెట్లా తెలుసు?" అంది. "బి.యస్సీ. జువాలజీ, కడప" అన్నాను, చేతిలో తుడుపు గుడ్డతో.

ఇప్పుడు పొద్దున వంట నాదే, తొమ్మిది తర్వాత ఆమెతో ల్యాబుకు పోతాను. అక్కడ నా పని కుక్కలతో.

ఊపిరి పీల్చుకో. మూడు కుక్కలు. ఒక వ్యాపారి మోజుపడి డాబర్‌మన్ జంటను తెప్పించి, సోకుగా ఉండాలని ఆడదాని చెవులు కత్తిరించాడట. నాలుగు రోజులైనా రక్తం ఆగలేదు. చచ్చిపోతుందని పారేయబోతే మామా రెంటినీ తెచ్చుకుంది. దాని రక్తంలో గడ్డకట్టడానికి కావలసిన ఒక పదార్థం తక్కువ, పుట్టుకతోనే. అలాంటి మనుషులు, ముఖ్యంగా మేనరికాల ఇళ్ళలో, మామా దగ్గరకు వస్తుంటారు. వాళ్ళను రోజూ గుచ్చి చదవలేం కదా. మనిషి జబ్బే పుట్టుకతో తెచ్చుకున్న జంతువు దొరికితే అది పుస్తకం లాంటిది అంటుంది మామా. పుస్తకం తోక ఊపుతుందని మాత్రం ఆమె చెప్పలేదు.

తల్లి పేరు మిష్మిష్, అంటే ఆప్రికాట్ పండు. తండ్రి తీన్, అంటే అత్తిపండు. కూతురు రుమ్మాన్, దానిమ్మ. తల్లికీ తండ్రికీ జబ్బు కొంచెమే. రెండు కొంచేలు కలిసి కూతురికి పూర్తిగా వచ్చింది. రుమ్మాన్‌కు పాలపళ్ళు ఊడినప్పుడు ఒక్కో పన్నుకూ ఎండుగడ్డి రంగు ప్లాస్మా ఎక్కించాల్సి వచ్చిందట. వాటి గదిలో మొల ఉండదు, అంచు ఉండదు, గోడలకు పరుపులు కుట్టారు. నెలకోసారి పెదవి లోపల చిన్న గాటు పెట్టి, అరనిమిషానికోసారి వడపోత కాగితం అద్దుతాను. కాగితం మీద ఎర్ర చుక్కల వరస. మామూలు కుక్కకు ఆరేడు చుక్కలకు కాగితం తెల్లబడుతుంది. మిష్మిష్‌కు ఇరవై. రుమ్మాన్‌కు నేను లెక్కపెట్టను, మామా పెట్టనివ్వదు. గాటు పెట్టబోయేది నేనేనని తెలిసి కూడా మిష్మిష్ గడ్డం తెచ్చి నా అరచేతిలో పెడుతుంది. ఆ బరువుకు రోజంతా నా చెయ్యి సిగ్గుపడుతుంది.

హమీదా బీ నన్ను శుక్రవారం తన నమాజు చాప మీద కూర్చోనివ్వదు. "కుక్కను ముట్టిన చేతులు ఏడుసార్లు కడుగు, ఒకసారి మట్టితో" అంటుంది. కడుగుతాను. మా అమ్మకు మాత్రం కుందేళ్ళని రాశాను.

నీ మూడో బెంచీ,
కిటికీ వైపుది


రాయచోటి
మే 9

కుందేళ్ళ డాక్టరమ్మ రేహానా గారికి,

మొన్న మీ అమ్మ మా ఇంటికొచ్చి గంటసేపు కుందేళ్ళ గురించి చెప్పింది. వాటి చెవులు ఎంత మెత్తగా ఉంటాయో కూడా. నేను పైట నోట్లో కుక్కుకుని విన్నాను. నాకు పుణ్యం రాదు, నీకు అసలే రాదు.

ఇక నా వార్త. అక్టోబరు మొదట్లో అంటున్నారు. ఇప్పుడు ఐదో నెల. ఆంజి మామ పొలం నుంచి వచ్చీ రాగానే నన్ను కాదు, నా కడుపును పలకరిస్తున్నాడు. "నీకు మామనా, నాయననా, తాతనా, ఎట్లా పిలుస్తావురా" అని. మేనమామను కట్టుకుంటే ఇదీ తంటా. ఇక అవ్వ సంగతి నీకు తెలియనిదేముంది. అమ్మను కన్నది, నా మొగుణ్ణి కన్నది, నాకు అత్తా అమ్మమ్మా ఒకే మనిషి. గారాబం చేసేటప్పుడు అమ్మమ్మ, గిన్నె మాడితే అత్త. నోట్లో వక్కాకు, బొటనవేలి మీద సున్నం, నేను ఎటు తిరిగితే అటు ఆ వేలు.

ఒంట్లో బాగానే ఉంది. పళ్ళు తోముకుంటే చిగుళ్ళు ఎర్రబడుతున్నాయి, ముక్కు నుంచి రెండుసార్లు కారింది, వేడి చేసిందని అవ్వ సబ్జా గింజలు తాపిస్తోంది. పొట్టలో చెరువు తవ్వినట్టుంది.

మిష్మిష్‌ను అడిగానని చెప్పు. గడ్డం అరచేతిలో పెడుతుందని రాశావు చూడు, అది చదివి ఎందుకో ఏడుపొచ్చింది. కడుపుతో ఉంటే ఇంతేనట, కుక్క గడ్డానికి కూడా ఏడుస్తామట.

నీ మూడో బెంచీ,
గోడ వైపుది


సబా అల్ సలేం
జూన్ 3

రమణీ,

ముందు మీ ముగ్గురికీ ముద్దులు. లెక్క సరిపోయింది కదా, నువ్వు, పొట్ట, అవ్వ. మామకు పెట్టను, హరామ్.

ఇప్పుడు నేను అడిగేవాటికి నవ్వకుండా జవాబివ్వు. సెకండియర్‌లో నీకు దవడ పన్ను పీకించాం. హాస్టల్లో మూడు రాత్రులు గుడ్డ కరుచుకుని కూర్చున్నావు, పొద్దున నా దుపట్టా కూడా ఎర్రబడింది. బ్లడ్ గ్రూపు ప్రాక్టికల్‌లో నీ వేలు ఆగక రికార్డు పాడైందని మేడమ్ తిట్టింది. నెలనెలా నాలుగు రోజులు నువ్వు నల్ల లంగానే కట్టేదానివి. అప్పుడు మనకు అది నీ అలవాటులా అనిపించింది. ఇక్కడ రుమ్మాన్ చిగుళ్ళు తుడుస్తూ తుడుస్తూ నీ గుడ్డ గుర్తొచ్చి నా చేయి ఆగిపోయింది.

ఇంకొకటి. రాయడానికి కష్టంగా ఉంది. మీ పెద్దక్క. కాన్పు సుళువుగా అయిందనీ, తర్వాత ఎవరి దిష్టో తగిలి రక్తం దిగిపోయి చనిపోయిందనీ చెప్పావు. నిన్న నేను మీ ఇంటి వంశవృక్షం గీశాను. నీకూ ఆంజి మామకూ మధ్య రెండు గీతలు వేశాను. జబ్బు గుర్తుగా పెద్దక్క సున్నాకు నలుపు దిద్దాను. నీ సున్నా ఖాళీగా వదిలాను, చూడటానికి ధైర్యం చాలక కాగితం తిరగేశాను.

దీంతో పాటు వడపోత కాగితం పట్టీ ఒకటి, అట్టల మధ్య గాటు పెట్టే సన్నటి లాన్సెట్ ఒకటి పెట్టాను. చెవి తమ్మెకు చిన్న గాటు, అరనిమిషానికోసారి కాగితం అంచుతో అద్దు. నొక్కకూడదు, చుక్క మాత్రమే తీసుకోవాలి. ఆంజి మామను గడియారం పట్టుకోమను. పది లోపల ఆగితే నా భయం నా దగ్గరే ఉంచుకుంటాను. ఆగకపోతే కాన్పు రాయచోటిలో వద్దు. వేలూరు పోవాలి, అక్కడ ప్లాస్మా ఉంటుంది.

తల్లికీ తండ్రికీ కొంచెం కొంచెం ఉంటే నాలుగింట ఒక పిల్లకు పూర్తిగా వస్తుంది. ఇది నీకు చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. మనం కలిసి పరీక్ష రాసిన పాఠమే కదా, నీకూ తెలుసు.

కిటికీ వైపుది


రాయచోటి
జూలై 2

రేహానమ్మా,

ఇదిగో నీ కాగితం. ఏడు చుక్కలు, ఎనిమిదోది తెలుపు. నువ్వు అడిగినట్టే అంకెలు కూడా వేశాను. నీ కుక్కలకూ నాకూ చుట్టరికం లేదని తేలిపోయింది, సంతోషమేనా?

మామే గడియారం పట్టుకున్నాడు. అవ్వ పక్కనే కూర్చుంది. ఇల్లంతా పరీక్ష హాలులా ఉండింది, నవ్వలేక చచ్చాం.

ఈసారి వానలు ముందే పడ్డాయి, మామ వేరుశనగ వేశాడు. పొట్టలో మనిషి ఊరికే ఉండటం లేదు, రాత్రి ఒకటే తన్నులు. ఇక్కడ అంతా బాగుంది. నువ్వు ఊరికే భయపడి నీ పని పాడుచేసుకోవద్దు.

గోడ వైపుది


సబా అల్ సలేం
జూలై 24

నా బంగారు రమణీ,

ఏడు చుక్కలు. కాగితాన్ని ముద్దు పెట్టుకున్నాను, ల్యాబులో ఎవరూ చూడలేదనుకో. తీన్ చూసింది, అదేం చెప్పదు. మీ వంశవృక్షం తీసి నీ సున్నాలో నవ్వు ముఖం గీశాను. మామాకు చూపిస్తే, "ఒక్కసారితో నమ్మకు, ఇంకోసారి చేయించు" అంది. సైన్సువాళ్ళకు సంతోషం తెలియదు.

మామా రేపు పిల్లలతో లండన్ పోతోంది, ఎండలు తగ్గాక వస్తుంది. తాళాల గుత్తి నా చేతిలో పెట్టి, "కుక్కలు నీ దగ్గర నా అమానత్" అంది. అమానత్ అంటే తెలుసుగా, అప్పగింత. బల్ల తుడిచే పిల్లకు ల్యాబు తాళాలు. ఆ బరువుకు నడక కూడా మారిపోయింది, హమీదా బీ అప్పుడే వెక్కిరించింది. "ఏమ్మే, నడుముకు తాళాలు కట్టుకోని కొత్త కోడలి మాదిరి ఊగుతాండావే."

మిష్మిష్‌కు ఈ నెలలోనే జత కట్టించాం, మళ్ళీ కడుపేననుకుంటా. మీ ఇద్దరికీ ఒకేసారి సీమంతం చేసేదాన్ని, ఇక్కడ గాజులు దొరికితే.

కిటికీ వైపుది


రాయచోటి
ఆగస్టు 12

రేహానా,

ఈ ఉత్తరం నీకు చేరుతుందో లేదో. పోస్టాఫీసులో తీసుకోం అన్నారు. మామ బతిమాలితే ముద్ర వేసి బుట్టలో పడేస్తామన్నారు.

కువైట్‌లోకి పరాయి దేశం సిపాయిలు దిగారని రెండో తారీఖు సాయంత్రం రేడియోలో విన్నాం. అప్పటి నుంచి మీ అమ్మ మా అరుగు మీదే ఉంటోంది. మా ఇంట్లో రేడియో ఉంది కదా. వార్తలు వచ్చినప్పుడల్లా "కుందేళ్ళకు ఆకు ఎవరు వేస్తున్నారో" అంటుంది. నీ పేరు మాత్రం నోటితో అనలేకపోతోంది.

నువ్వు ఏమై ఉంటావో తెలియనప్పుడు నీకు అబద్ధం చెప్పి ఉండటం ఎంత బరువో ఈ పది రోజుల్లో తెలిసింది. ఆ ఏడు చుక్కలు నావి కావు.

నేను లాన్సెట్ తీయగానే అవ్వ చెయ్యి పట్టేసుకుంది. "ఏం మే, సూలాలి నెత్తురు నేల మింద పడగూడదు. నా చెవి లేదా? మీయమ్మను కన్నేది నేనే, ఆంజిగాన్ని కన్నేది నేనే. మీ ఇద్దరి నెత్తురూ నాదే కదా. నాది చూస్తే ఇంటిల్లిపాదిదీ చూసినట్లే" అంది. కాగితం తానే లాక్కుని తన చెవికి తానే అద్దుకుంది. నేను జువాలజీ చదివినదాన్నే, రేహానా. తాత రక్తం ఎక్కడికి పోయిందని అడగవచ్చు. అడగలేదు. నాలుగింట ఒకటి అని రాశావు కదా. తెలిసి ఏం చేయను, లోపలి బిడ్డను వెనక్కి పంపిస్తానా అనుకున్నాను. అవ్వ చెవి నాకు దాక్కోవడానికి దొరికిన తలుపులా అనిపించింది.

నిన్న రికార్డులో మిగిలిన వడపోత కాగితం కత్తిరించి, నీ లాన్సెట్‌ను సలసల కాగే నీళ్ళలో ఉడకబెట్టి, నేనే గాటు పెట్టుకున్నాను. పది దాటింది. ఇరవై దాటింది. ముప్పై రెండు దగ్గర కాగితం అయిపోయింది, చుక్కలు అయిపోలేదు. చెవికి గుడ్డ నొక్కి పట్టి మామ ఒకే మాట అన్నాడు. "ఎల్లుండి పొద్దున్నే వేలూరు పోదాం."

కాన్పు అక్కడే. నువ్వు గెలిచావు. ఇప్పుడు నువ్వు కూడా ఎక్కడో ఒక చోట క్షేమంగా ఉండి గెలువు.

రమణి


అమ్ఘరా
సెప్టెంబరు 9

రమణీ,

హమీదా బీ ఎల్లుండి బస్సులో పోతోంది. ముందు బాగ్దాదు, అక్కడి నుంచి అమ్మాన్, అక్కడ మన విమానాలు వస్తున్నాయట. ఈ ఉత్తరాన్ని ఆమె లంగా అంచులో కుడుతున్నాను. దారిలో కాగితాలు లాక్కుంటున్నారని చెప్పుకుంటున్నారు, చెమటకు సిరా కూడా కరగవచ్చు. అందుకే ముఖ్యమైన మాటను ఆమెకు వల్లె వేయించాను. నాలుగుసార్లు తప్పు లేకుండా అప్పజెప్పింది. ఐదోసారి అడిగితే, "నేనేమన్నా నీ మాదిరి బీయస్సీ ఫెయిలనుకున్నావా" అంది.

మొదట ఇది. ఆ ఏడు చుక్కలు నీవి కావు, అవ్వవి. ఎట్లా తెలిసిందంటావా? మామా ఇంట్లో కరెంటు లేక, బయటకు పోలేక, నీ ఉత్తరాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. ఎండలో కాగితం తిప్పితే వెనక తెల్లటి బొటనవేలి ముద్ర కనిపించింది. గోటితో గీకితే పొడి రాలింది. సున్నం. నీకు వక్కాకు వాసన పడదు. అద్దే మనిషే కాగితం పట్టుకోవాలి. ఆ వేలు ఎవరిదో, ఆ చెవి ఎవరిదో కనుక్కోవడానికి డిగ్రీ అక్కర్లేదు. కోపం రాలేదు. ఎందుకు చేశావో కూడా తెలుసు. దూరంగా ఉన్నవాళ్ళకు మంచి వార్తలే పంపుతాం కదా, అందరం.

రెండోది అసలు సంగతి. మామా ఫైళ్ళు ఎవరూ ఎత్తుకుపోకముందే ఇంటికి తెచ్చాను. వాటిలో ఇలాంటి ఆడవాళ్ళ కాన్పుల కాగితాలు ఉన్నాయి. కడుపుతో ఉన్నప్పుడు ఆ తక్కువైన పదార్థం దానంతట అదే పెరుగుతుంది. కాన్పు రోజుకు మామూలు మనిషిలాగే ఉంటారు, రక్తం ఎక్కువ పోదు, అందరూ హమ్మయ్య అనుకుంటారు. తర్వాత అది మెల్లగా దిగిపోతుంది. ప్రమాదం అప్పుడే, వారం, పది రోజుల మధ్య. పెద్దక్క పోయింది తొమ్మిదో రోజు. దిష్టి కాదు రమణీ, కాగితం మీద గీత దిగిపోయిన చోటు అది.

అందుచేత కాన్పు వేలూరులో. సుళువుగా అయినా కదలవద్దు. రెండు వారాలు అక్కడే. పెద్దక్క సంగతి డాక్టరుకు చెప్పు. అవ్వ పురిటింట్లో పోయినవాళ్ళ పేరు ఎత్తవద్దంటుంది, ఎత్తు. నా మీద ఒట్టు.

ఇక మా సంగతి. పడవలసిన భయం పడ్డాం, ఇప్పుడు అలవాటైంది. సిపాయిలు ల్యాబుకు వచ్చి ఫ్రీజరు, ఫ్యాన్లు, కుర్చీలు లారీలో వేసుకుపోయారు. ప్లాస్మా సంచులు వరండాలో ఎండలో పడేశారు. కుక్కలు వాళ్ళకు అక్కర్లేదు. గౌస్ మామ పికప్ తెచ్చి వాటిని అమ్ఘరాకు చేర్చాడు. ఎక్కడ చూసినా తుప్పు పట్టిన రేకులు, బోల్టులు, విరిగిన కడ్డీలు. గీసుకుంటే ఆగని ప్రాణాలను తెచ్చి ఇనుము మధ్య పెట్టాం. ఒక ఖాళీ కంటెయినరులో మామా ఇంటి పరుపులన్నీ పరిచాం. ఇన్నాళ్ళూ కుక్కలంటే ఆమడ దూరం పోయిన హమీదా బీ తన చాప తెచ్చి గడప మీద వేసింది. నేను చూశానని తెలిసి, "చాప పాతదైంది, నాకేం ప్రేమ లేదు" అంది.

మిష్మిష్‌కు ఈ వారంలో కాన్పు. అది అయ్యాక నేను బస్సు ఎక్కుతాను. తీన్ కాపలా కాస్తోంది. రుమ్మాన్ ఇక్కడే, నా పక్కనే పడుకుని ఉంది.

నీ
కిటికీ వైపుది


వేలూరు
అక్టోబరు 9

రేహానా,

దీన్ని మీ ఇంటి చిరునామాకు రాస్తున్నాను. నువ్వు వచ్చి నీ చేతులతో విప్పాలని. నాకు తిరిగొచ్చిన ఆగస్టు ఉత్తరం కూడా లోపల పెట్టాను. అందులో ఉన్నది నీకు ముందే తెలుసుననుకో. సున్నం సంగతి విని అవ్వ వారం రోజులుగా తన బొటనవేలిని తానే చూసుకుంటోంది.

సెప్టెంబరు ఇరవై నాలుగున పాప పుట్టింది. ఐదున్నర పౌండ్లు, నా ముక్కు, ఆంజి మామ నుదురు. అవి రెండూ ఒకటే అనుకో. కాన్పు సుళువుగా అయింది, రక్తం పోలేదు. ముందు జాగ్రత్తగా ప్లాస్మా సంచి కూడా సిద్ధంగా పెట్టుకున్నారు, అవసరం పడలేదు. డాక్టరమ్మ ఇంకో పది రోజులు ఉండమంది. అవ్వ వినలేదు. "ఉండమనేది వాళ్ళ మంచితనం. పదకొండో దినం పురుడు ఇంట్లో పొయ్యాల" అని నాలుగో రోజు పొద్దున మూట కట్టేసింది. నేను కూడా సరేనన్నాను, రేహానా. అంత బాగున్నప్పుడు భయపడటం కోరి కీడు తెచ్చుకున్నట్టు అనిపించింది. పెద్దక్క పేరు ఎవరూ ఎత్తలేదు. నేను కూడా ఎత్తలేదు.

ఆంజి మామ రిక్షా కోసం పోయాడు. వార్డు వాకిట్లో హమీదా బీ నిలబడి ఉంది. బురఖా అంచుకు దుమ్ము, కాళ్ళు వాచి, చేతిలో సంచి కూడా లేదు. బొంబాయి నుంచి కడపకు రైలు, రాయచోటికి బస్సు. మా ఇంటికి తాళం చూసి, తన ఇంటికి కూడా పోకుండా వేలూరు బస్సు ఎక్కిందట. కూర్చోమన్నాను. "రేహానా చెప్పమనేది చెప్పేసి కూచుంటా" అంది. మంచినీళ్ళ గ్లాసు ఇచ్చాను. చేత్తో పట్టుకుంది గానీ తాగలేదు. కళ్ళు మూసుకుని బడిపిల్లలా అప్పజెప్పింది.

"కాన్పు సుళువుగా అయినా కదలొద్దు. లోపల పెరిగింది దిగిపోతాది. వారం, పది దినాల మధ్యన భయం. పెద్దక్క పొయ్యింది తొమ్మిదో దినం. దిష్టి కాదు. డాక్టరుకు చెప్పు. రేహానా మీద ఒట్టు. ఖలాస్."

అప్పుడు నీళ్ళు తాగింది.

తర్వాత లంగా అంచు విప్పింది. నీ ఉత్తరం సగం నీలం మరక, కానీ కుక్కల సంగతులన్నీ చదవగలిగాను. పెద్దక్కను పెంచింది అవ్వే కదా. కట్టిన మూటను తానే విప్పింది. డాక్టరమ్మ రాగానే అవ్వే, నేను కాదు, చెప్పింది. "నా ఇంకో మనవరాలు తొమ్మిదో దినం పొయినాది తల్లీ."

ఎనిమిదో రోజు మధ్యాహ్నం మొదలైంది. రాయడానికి పెద్దగా ఏం లేదు, గుడ్డలు, పరుగులు. నాకు గుర్తున్నది తలపైన వేలాడిన సంచి. ఎండుగడ్డి రంగు అని ఏప్రిల్లో రాశావు కదా, సరిగ్గా అదే. నేను దాన్నే చూస్తూ, మిష్మిష్ గడ్డం నా అరచేతిలో ఉన్నట్టు అనుకున్నాను. మూడు రోజులు ఎక్కించారు. ఇప్పుడు లేచి కూర్చుని రాస్తున్నాను, అందుకే అక్షరాలు వంకర.

పాప సంగతి ఇప్పుడే తేలదట, కొన్ని నెలలు పోయాక చూస్తారట. నాది కొంచెం అని తేలింది. ఆంజి మామది చూడాలి. మామకు సూదంటే ప్రాణం పోతుంది. తెలిసిన చేయి అయితే ఇస్తానంటున్నాడు. నీ చేయి అని అర్థం.

నువ్వు ఎప్పుడు వస్తావు? రుమ్మాన్ ఎట్లా ఉంది?

గోడ వైపుది


రాయచోటి
అక్టోబరు 16

నా రమణీ,

మొన్న వచ్చాను. అమ్మాన్ గుడారాల్లో తొమ్మిది రోజులు, బొంబాయిలో ఒకటి. ఇంటికి రాగానే అమ్మ నన్ను గట్టిగా పట్టుకుని ఏడ్చి, వదిలి, "కుందేళ్ళను ఎవరికి అప్పజెప్పినావు?" అంది. చెప్పేశాను. కుక్కలని. అమ్మ నన్ను బావి దగ్గరకు లాక్కుపోయి ఏడుసార్లు చేతులు కడిగించింది, ఒకసారి మట్టితో. కడిగేటప్పుడు మాత్రం నా చేతులను తన చేతుల్లోనే పెట్టుకుంది.

నీ ఉత్తరాలు రెండూ చదివాను. ముప్పై రెండో చుక్క దగ్గర ఆగి, మళ్ళీ మొదటి నుంచి చదివాను.

ఇప్పుడు నా వంతు. అమ్ఘరా నుంచి రాసినప్పుడు, రుమ్మాన్ నా పక్కనే పడుకుని ఉందని రాశాను. అది ఒక రకంగా నిజమే. నేను కూర్చున్న చోటికి రెండడుగుల దూరంలో, కంటెయినరు గోడ పక్కన, గౌస్ మామా నేనూ దాన్ని పాతిపెట్టి అప్పటికి ఆరు రోజులు. రేకు అంచు తగిలి కాలి కింద అంగుళం కంటే తక్కువ గాటు. మనకైతే బ్యాండేజీ. నేనూ హమీదా బీ వంతులేసుకుని ఒక పగలు, ఒక రాత్రి, ఇంకో పూట గుడ్డతో నొక్కి పట్టాం. అది ఒక్కసారి కూడా మూలగలేదు. మేం ఏదో ఆట ఆడుతున్నామనుకున్నట్టు నా చేతిని నాకుతూనే ఉంది. ప్లాస్మా ఉంటే అరగంట పని. నిండు నెలలతో ఉన్నదానివి, నీకెట్లా రాయను? నువ్వు నాకు అవ్వ చెవి పంపావు, నేను నీకు రుమ్మాన్ నిద్ర పంపాను. హమీదా బీ నీ ముందు నీళ్ళు కూడా తాగకుండా ఎందుకు నిలబడిందో ఇప్పుడు అర్థమైందా? ఆ ఒకటిన్నర రోజు ఆమె చేతులు కూడా దాని మీదే ఉన్నాయి.

మిష్మిష్‌కు పద్నాలుగున మూడు పిల్లలు పుట్టాయి. గౌస్ మామ రానన్నాడు. "యార్డుకు నేనే కదా కావిలి, వీటికి గూడా ఉంటాలే. యల్లా, నువ్వు పో" అన్నాడు. బస్సు కదిలేటప్పుడు మిష్మిష్ గడ్డం ఎక్కడ పెట్టాలో తెలియక ఆయన చెప్పు మీద పెట్టింది. మామా అమానత్‌ను నేను సగమే కాపాడాను. ఆమె ఎక్కడుందో తెలిసిన రోజు ఈ మాట ఇట్లాగే రాస్తాను. ఆమె ఫైళ్ళలో పెద్దక్క లాంటి వాళ్ళ కాగితాలు మాత్రం నా పరుపు చుట్టలో వచ్చాయి, ఒక్కటీ పోలేదు.

గురువారం పొద్దున బస్సుకు వేలూరు వస్తున్నాను. మళ్ళీ గోడలు చూస్తూ కూర్చోవడం నావల్ల కాదు. అక్కడి ల్యాబులో గాజు గొట్టాలు కడగడానికైనా ఎవరైనా కావాలేమో అడుగుతాను, బల్ల తుడవడం నుంచి మొదలుపెట్టడం నాకు అలవాటే. పాపకు ముద్దు నేను వచ్చి పెడతాను, చేతులు కడుక్కునే, ఏడుసార్లు.

లాన్సెట్, గడియారం, కొత్త వడపోత కాగితం తెస్తున్నాను. ఆంజి మామను చెవి సిద్ధంగా ఉంచుకోమను. కాగితం దగ్గరకు అవ్వను మాత్రం రానివ్వకు.

నీ మూడో బెంచీ,
కిటికీ వైపుది